కంటికి తగిన లెన్సు

నవంబరు 20, 2023

పగటి వెలుగులో కిటికీ పక్కన కూర్చుంటే తప్ప ప్రూఫులు చూడలేకపోతున్నాను. 'థ'లో చుక్క ఉందా లేదా, అది 'ప'నా 'ష'నా అని తేల్చుకోవడానికి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాల్సి వస్తోంది. దిద్దుబాట్లకి ప్రెస్సు వాళ్ళు రెండు పెన్నులు ఇస్తారు. అక్షరదోషానికి నల్లది, రచయితని అడగాల్సిన సందేహానికి నీలం. దీపాలు పెట్టే వేళకి ఆ రెండు రంగులూ నాకు ఒకటైపోతున్నాయి.

కార్తీక సోమవారం కదా అని సాయంత్రం శివాలయానికి వెళ్ళాను. ఒక్కో వత్తికి రెండు మూడు జ్వాలలు కనిపించాయి. ఒక కన్ను మూసి చూసినా అంతే. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగా ఆటో లైటు పడేసరికి కాసేపు రోడ్డే కనపడలేదు. ఏళ్ళ తరబడి మైనస్ ఆరు దగ్గర నిలిచిన సైటు ఇప్పుడు ఎనిమిదిన్నరకి వచ్చింది. కొత్త అద్దాలు చేయించిన కొన్నాళ్ళకే అవీ చాలడం లేదు.

శుక్లమేనని అందరూ అంటున్నారు. "ముదరనివ్వండి టీచర్ గారూ, ముదిరితే తేలిగ్గా ఊడొస్తుంది" అన్నారు ప్రెస్సు యజమాని. మా అమ్మ కూడా ఇదే మాట అనేది. నాకు మాత్రం ఆగాలని లేదు. శుక్రవారం గుంటూరు వెళ్ళి చూపించుకుంటాను.

నవంబరు 24

చుక్కలు వేసి కూర్చోబెట్టారు. కనుపాప పెద్దదయ్యాక డాక్టరు గారు స్లిట్ ల్యాంపు ముందు గడ్డం ఆనించమని చాలాసేపు చూశారు. పిన్న వయసావిడ, మాట నెమ్మది.

"శుక్లమంటే బయటినుంచి వచ్చి చేరిన పొర కాదమ్మా. మీతో పాటు పుట్టిన లెన్సే వయసుతో పసుపెక్కి, గట్టిపడి, మసకబారింది. నడిమి భాగం గట్టిపడినప్పుడు మైనస్ సైటు పెరుగుతుంది. అందుకే మీకు అద్దాలు చాలడం లేదు" అన్నారు. చత్వారం అద్దాలు వాడే కొందరికి ఈ దశలో అద్దాల్లేకుండానే పేపరు చదవడం వచ్చేస్తుందట. చూపు బాగుపడిందని వాళ్ళు సంబరపడతారు గానీ అదీ శుక్లం చేసే పనేనట.

ముదిరేదాకా ఆగమనే మాట గురించి అడిగాను. లెన్సుని మొత్తంగా పెకలించి తీసే రోజుల్లో ఆ మాటకి అర్థం ఉండేదని చెప్పారు. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేస్తారు కనుక, ముదిరి రాయిలా అయ్యేకొద్దీ కంటి లోపల ఎక్కువ శక్తి వాడాల్సి వస్తుంది. కార్నియా లోపలి వైపు కణాలకి అది మంచిది కాదు. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి అసలుకే ముప్పు రావచ్చు. చుక్కల మందుతోనో మాత్రలతోనో శుక్లం కరగదు. రోజువారీ పనికి అడ్డం వస్తోందంటే అదే తీయించుకోవాల్సిన సమయం.

మైనస్ సైటు ఎక్కువ ఉన్నవాళ్ళకి రెటీనా పలచబడి ఉండవచ్చని దాన్ని అంచుల దాకా చూశారు. కంటి ఒత్తిడి కూడా కొలిచారు. రెండూ బాగున్నాయి. "ఇవి సరిగ్గా ఉంటేనే మంచి లెన్సు వేసినా మంచి చూపు వస్తుంది. శుక్లం వెనక షుగరు వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే, లెన్సు మార్చినంత మాత్రాన చూపు పూర్తిగా రాదు. ఆ సంగతి ముందే చెప్పడం మా ధర్మం" అన్నారు.

నవంబరు 25

రాత్రంతా తాతయ్యే గుర్తొచ్చాడు. మా ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు ఆయనకి బళ్ళో బల్లల మీద ఆపరేషన్ చేశారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టారు. లెన్సు తీశారు గానీ దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికి ప్లస్ పది సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. వాటిలోంచి ప్రతి వస్తువూ పావు వంతు పెద్దదై దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది. మజ్జిగ గ్లాసు అందుకోబోయి తాతయ్య చెయ్యి గ్లాసుకి ఇవతలే ఆగిపోయేది. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకునేవాడు. పక్కలకి చూపు ఆనేది కాదు, మొత్తం తల తిప్పాల్సిందే. అయినా, చీకటి పోయిందని ఆ డాక్టర్లకి చనిపోయేదాకా దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ సోడాబుడ్డి అద్దాల నుంచి మనల్ని తప్పించిన మనిషి గురించి ఒక వైద్య సంచికకి ప్రూఫులు దిద్దినప్పుడు చదివాను. పేరు హెరాల్డ్ రిడ్లీ, లండన్ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ కవచం పగిలి పైలట్ల కళ్ళలో అక్రిలిక్ ముక్కలు గుచ్చుకున్నాయి. అవి ఏళ్ళ తరబడి లోపలే ఉన్నా కన్ను వాటిని తిప్పికొట్టలేదని ఆయన గమనించాడు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటిసారి ఒకరి కంట్లో అమర్చాడు. కంట్లో పరాయి వస్తువు పెట్టడమేమిటని తోటి డాక్టర్లు చాలాకాలం ఆయన్ని దుయ్యబట్టారు. 1967లో అమెరికాలో ఛార్లెస్ కెల్మన్, పంటి గార తీసే అల్ట్రాసౌండ్ పరికరం చూసి, శుక్లాన్ని కూడా అలాగే పొడి చేసి తీయవచ్చని కనిపెట్టాడు. ఈ ఇద్దరి పనీ కలిస్తే ఈనాటి ఆపరేషన్. తాతయ్యకీ నాకూ మధ్య ఉన్న తేడా ఈ ఇద్దరి చలవే.

డిసెంబరు 2

మళ్ళీ గుంటూరు. ఈసారి కొలతలు. గడ్డం ఆనించి లోపలి లైటు వైపు చూస్తుంటే మెషీను కంటి పొడవు, కార్నియా వంపు కొలిచింది. సాధారణంగా కన్ను ఇరవై మూడున్నర మిల్లీమీటర్ల పొడవు ఉంటే నాది ఇరవై ఐదు దాటింది. మైనస్ సైటుకి మూలం అదే. ఈ కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా లెన్సు పవరు రెండున్నర, మూడు పాయింట్లు తప్పిపోతుందని టెక్నీషియన్ అమ్మాయి చెప్పింది. అందుకే ఒకటికి రెండుసార్లు తీసింది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు కొలతకి కొన్ని రోజుల ముందే తీసేయాలట, లేకపోతే కార్నియా వంపు తప్పుగా వస్తుంది. కళ్ళు పొడిబారి ఉన్నా అంతే, ముందు దానికి చుక్కలు వాడి తర్వాత కొలుస్తారు.

తమ్ముడు కూడా తోడు వచ్చి తనూ చూపించుకున్నాడు. వాడికీ శుక్లాలు మొదలయ్యాయి. సిలిండరు పవరు రెండుకి దగ్గరగా ఉంది.

డిసెంబరు 5

మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తెల్లవారుజాము నుంచి గాలీ వానా, కరెంటు లేదు. తమ్ముడి పొలంలో కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. వాడి గొంతు వింటుంటే నా కంటి గోల మాట్లాడటానికి నోరు రాలేదు. వాడే అడిగాడు, "ఏ లెన్సు అనుకుంటున్నావక్కా?" అని.

అందులోనే ఉంది చిక్కంతా. కిందటి వారం రెండో అభిప్రాయం కోసం విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కన్నా ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మూడు వరసలున్న కాగితం చూపించింది. ఒక్కో కంటికి కొన్ని వేల నుంచి లక్ష దాకా ఉన్నాయి ధరలు. "అన్నిటికన్నా మంచిది ఇదే మేడమ్, అద్దాలే అక్కర్లేదు" అని చివరి వరస మీద వేలు పెట్టింది. నేను రోజంతా ఏం చేస్తానో ఒక్క మాట అడగలేదు. రాత్రిపూట కారు నడుపుతానని తమ్ముడు తనంతట తను చెప్పినా వినిపించుకోలేదు. పింఛను మీద బతికేవాళ్ళు ఎంతమంది ఆ వేలు చూపించిన చోట సంతకం పెట్టి ఉంటారో అనుకుంటే బాధేసింది.

డిసెంబరు 7

తుపాను తెరిపిచ్చింది. హైదరాబాదు నుంచి మా తోటికోడలు ఫోను చేసింది. కిందటేడు తను ట్రైఫోకల్ వేయించుకుంది. "అక్కయ్యా, వంట పుస్తకం, ఫోను, టీవీ, అన్నీ అద్దాల్లేకుండా చూస్తున్నాను. మొదట్లో రాత్రిళ్ళు వీధి దీపాల చుట్టూ వలయాలు కనపడి భయమేసేది. నెలలు గడిచాక అలవాటైపోయింది. నేనెలాగూ బండి నడపను" అంది. తను నిజంగానే సంతోషంగా ఉంది. తన రెటీనా బాగుంది, షుగరు లేదు, చీకట్లో పని లేదు. తనకి అది తగిన లెన్సే.

తనతో మాట్లాడాక, ఇన్నాళ్ళూ విన్నదీ చదివిందీ ఒక చోట రాసుకుంటే నాకే స్పష్టంగా ఉంటుందనిపించింది.

మోనోఫోకల్ లెన్సు ఒక్క దూరానికే సరిచేస్తుంది. ఎక్కువమందికి దూరపు చూపుకి పెడతారు, చదవడానికి అద్దాలు తప్పవు. వచ్చిన వెలుగంతా ఒక్క చోటికే చేరుతుంది కనుక బొమ్మ తేటగా, రాత్రిపూట కూడా శుభ్రంగా ఉంటుంది. ట్రైఫోకల్ అదే వెలుగుని దూరానికీ, మధ్యకీ, దగ్గరికీ పంచుతుంది. అద్దాల అవసరం బాగా తగ్గుతుంది. మసక వెలుతురులో మాత్రం తేటదనం కొంత పోతుంది, దీపాల చుట్టూ వలయాలు వస్తాయి. నీటికాసులు ఉన్నవాళ్ళకీ, రెటీనా నడిమి భాగమైన మాక్యులా దెబ్బతిన్నవాళ్ళకీ, షుగరు రెటీనాదాకా పాకినవాళ్ళకీ డాక్టర్లు సాధారణంగా దాన్ని వద్దంటారు. ఈడాఫ్ అనేది ఈ రెంటికీ మధ్య రకం. దూరం నుంచి కంప్యూటరు దాకా బాగుంటుంది, వలయాలు తక్కువ, సన్న అక్షరాలకి అద్దాలు కావాలి. టోరిక్ అనేది వేరే సంగతి. కార్నియా వంపులో తేడా ఉండి సిలిండరు పవరు ఉన్నవాళ్ళకి అది కావాలి. పై రకాలన్నిటిలోనూ టోరిక్ దొరుకుతుంది. దాన్ని గీత గీసినంత సరిగ్గా కోణం చూసి అమర్చాలి. ముప్పై డిగ్రీలు తిరిగిపోతే సిలిండరు ఏ మాత్రం తగ్గదు.

ఏ లెన్సు వేసినా పాతికేళ్ళనాటి కన్ను తిరిగి రాదు. అప్పటి లెన్సు దూరాన్ని బట్టి తనంతట తను ఆకారం మార్చుకునేది. ఇప్పటి లెన్సులకి ఆ గుణం లేదు. కనుక ప్రతి రకంలోనూ ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకున్నా ఇబ్బంది లేదో తేల్చుకోవాల్సింది రోగి.

డిసెంబరు 9

గుంటూరు డాక్టరు గారు ఇవాళ నా చేత రోజంతా చెప్పించారు. పొద్దున ప్రూఫులు, మధ్యాహ్నం చదువు, సాయంత్రం పిల్లల దస్తూరీ దిద్దడం, రాత్రి మళ్ళీ పుస్తకం. బండి నడపను. సినిమా అరుదు. అద్దాలు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద ఉన్నవే, వాటితో నాకు పేచీ లేదు.

"అయితే ఒక మాట చెప్తాను, ఆలోచించుకోండి. అందరికీ దూరపు చూపుకి పెడతాం. మీకు దగ్గరికి పెడదాం, మైనస్ రెండున్నర మిగిలేలా. నలభై సెంటీమీటర్ల దూరంలో కాగితం అద్దాల్లేకుండా కనపడుతుంది. బయటికి వెళ్ళేటప్పుడు పలచటి అద్దాలు పెట్టుకుంటారు. జీవితమంతా అద్దాలు తీసి చదివిన మీలాంటివాళ్ళకి దూరానికి పెడితే, ఉన్నట్టుండి చేతిలో పుస్తకం మసకైపోయి దిగులు పడతారు" అన్నారు.

ఇలా పెట్టించుకోవచ్చని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నా కంటికి పద్దెనిమిది పవరు మోనోఫోకల్ సరిపోతుందట. సిలిండరు నామమాత్రం, టోరిక్ అక్కర్లేదు. ధరల పట్టికలో ఇదే అన్నిటికన్నా తక్కువ. తమ్ముడికి ఆవిడ చెప్పింది వేరు. వాడు మిల్లు నుంచి రాత్రిళ్ళు కారు నడుపుకుంటూ వస్తాడు కనుక దూరానికి పెట్టిన మోనోఫోకల్, అందులోనూ టోరిక్. వాడి విషయంలో ఆ అదనపు ఖర్చు సార్థకం. ఒకే తల్లి పిల్లలం, ఒకే రోగం, రెండు వేరు లెన్సులు.

బీమా సంగతి తమ్ముడు కనుక్కున్నాడు. శుక్లాల ఆపరేషన్‌కి చాలా పాలసీల్లో ఇంతవరకే అని పరిమితి ఉంటుంది. పాలసీ తీసుకున్న మొదట్లో వేచి ఉండే గడువు కూడా ఉంటుంది. ఖరీదైన లెన్సు తేడా మన జేబులోంచే పోతుంది.

డిసెంబరు 18

ఎల్లుండి కుడి కన్ను. రక్తపరీక్షలు, ఈసీజీ అయ్యాయి. బీపీ మాత్ర ఆ రోజు కూడా మానవద్దన్నారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు తమంతట తాము ఆపకూడదు, డాక్టరుని అడిగి చేయాలి. వాడుతున్న ప్రతి మందూ రాసిమ్మన్నారు. తమ్ముడు ప్రొస్టేటుకి టామ్సులోసిన్ వేసుకుంటాడు, అది కంటికేం సంబంధమని రాయలేదు. డాక్టరు గారు గుచ్చి అడిగాక బయటపడింది. ఆ మందు వాడినవాళ్ళ కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ ఆపరేషన్‌లో వదులై అడ్డం పడుతుందట, ముందే తెలిస్తే అందుకు తగ్గట్టు సిద్ధమవుతారు. మగవాళ్ళు సిగ్గుపడి దాచే మందుల్లో ఇదొకటి. దాచకూడదు.

డిసెంబరు 20

అయింది.

తలస్నానం చేసి పొద్దున్నే చేరాను. గంటసేపు చుక్కలు వేస్తూనే ఉన్నారు. సూది లేదు, చుక్కలతోనే మొద్దుబారింది. భయం ఎక్కువ ఉన్నవాళ్ళకీ, కదిలేవాళ్ళకీ కంటి పక్కన ఇంజెక్షన్ ఇస్తారట. కంట్లో గోధుమరంగు పోవిడోన్ అయోడిన్ వేసి కడిగారు. సూక్ష్మజీవులు లోపలికి పోకుండా చేసే ముఖ్యమైన జాగ్రత్త అదేనని నర్సు చెప్పింది. మొహం మీద గుడ్డ కప్పి ఒక్క కన్నే బయటికి ఉంచారు.

"పైన లైటు వైపే చూడండమ్మా. దగ్గొస్తే, తుమ్మొస్తే ముందు చెప్పండి, తల మాత్రం కదపొద్దు." కత్తి కంటిమీదికి వస్తుంటే కనపడుతుందేమోనన్న భయం అక్కడితో పోయింది. వస్తువులేవీ కనపడలేదు. మూడు తెల్లటి వెలుగులు, వాటి చుట్టూ గులాబీ, నీలం రంగులు కరిగి కదిలాయి. కంటి మీద నీళ్ళు చల్లగా పారుతున్నట్టు తెలిసింది. మెషీను గొంతు హెచ్చుతూ తగ్గుతూ వినపడింది. ఒకచోట కాస్త అదిమినట్టయింది, నొప్పి లేదు. లోపల జరిగేది డాక్టరు గారు ముందే చెప్పారు: పండిన మామిడి తొక్కకి చిన్న కన్నం చేసి గుజ్జంతా తీసేసి తొక్కని మాత్రం చిరగకుండా ఉంచినట్టు, లెన్సు చుట్టూ ఉన్న పలచటి సంచిని అలాగే ఉంచి, మడిచిన కొత్త లెన్సుని అందులోకి జారవిడుస్తారు. లోపలికి వెళ్ళాక అదే విచ్చుకుంటుంది. కోత మూడు మిల్లీమీటర్ల లోపే, కుట్లు లేవు. ఇరవై నిమిషాల్లో లేపి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

డిసెంబరు 21

కంటి మీద పెట్టిన షీల్డు తీశారు. కాసేపు మసకగా ఉంది. కార్నియా కొద్దిగా ఉబ్బి ఉంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందన్నారు. మొదటి రోజే తేటగా రాలేదని కంగారు పడనక్కర్లేదు.

ఇంటికొచ్చి బల్ల మీద ప్రూఫు కాగితం తీసి చేతి దూరాన పట్టుకున్నాను. కుడి కంటికి కాగితం తెల్లగా ఉంది. అది మూసి ఎడమ కంటితో చూస్తే పాత పంచాంగం రంగు. ఇన్నాళ్ళూ ప్రెస్సు వాళ్ళు నాసిరకం కాగితం వాడుతున్నారనుకున్నాను. పెన్నులు రెండూ తీసి గీతలు గీశాను. నీలం నీలంగా, నలుపు నలుపుగా విడివిడిగా నిలబడ్డాయి. పసుపెక్కిన లెన్సు నీలాన్ని ముందుగా మింగేస్తుందట. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1923లో కుడి కంటికి శుక్లం తీయించుకున్నాక రంగులు మారిపోయాయని తికమకపడ్డాడని చదివాను. రంగుల మీద బతికినవాడికి అదెంత కలవరమో ఇవాళ తెలిసింది.

డిసెంబరు 29

చుక్కల పట్టిక గోడకి అంటించాను. యాంటీబయాటిక్, స్టెరాయిడ్. స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకుండా వారం వారం తగ్గిస్తూ రావాలి. రెండు చుక్కల మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, సీసా కొస కంటికి తగలకుండా వేయాలి. కన్ను నలపకూడదు. తలస్నానం కొన్నాళ్ళు వద్దు, ఒంటికే. రాత్రి షీల్డు. బరువులు ఎత్తకూడదు. చదువుకోవచ్చు, టీవీ చూడవచ్చు, కూరలు తరుక్కోవచ్చు. పప్పూ వంకాయా తినకూడదని పక్కింటావిడ చెప్పింది. డాక్టరు గారు అన్నీ తినమన్నారు.

ఫ్రిజ్ మీద ఒక కాగితం పెద్దక్షరాలతో పెట్టాను: నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా, మెరుపులు మెరిసినా, నల్లటి తెర పక్కనుంచి దిగుతున్నట్టున్నా ఆ గంటలోనే ఆసుపత్రికి. లోపల ఇన్ఫెక్షన్ చేరడం వెయ్యిమందిలో ఒకరికో అంతకన్నా తక్కువకో జరుగుతుంది. జరిగితే మాత్రం తెల్లారేదాకా ఆగితే కన్ను దక్కకపోవచ్చు. మైనస్ సైటు ఉన్నవాళ్ళకి రెటీనా ఊడే ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఎక్కువ కనుక మెరుపుల మాట నేను ఎప్పటికీ మరచిపోకూడదు.

ఇప్పుడున్న ఇబ్బంది వేరు. కుడి కన్ను మైనస్ రెండున్నర, ఎడమది ఎనిమిదిన్నర. పాత అద్దాలు పెడితే కుడి కన్ను ఒప్పదు, తీస్తే ఎడమ కన్ను ఒప్పదు. మెట్ల దగ్గర తడబాటు. ఇలాంటివాళ్ళు రెండో కంటికి ఆలస్యం చేయకూడదని అందుకే అంటారు. పండగ వెళ్ళగానే చేయించుకుంటాను.

జనవరి 24, 2024

భోగి మంటకి దూరంగా ఉండి పొగ తప్పించుకున్నాను. ముగ్గులు మేనకోడలు పెట్టింది. నిన్న ఎడమ కన్ను కూడా అయింది. ఈసారి అదిమినట్టుండటం కాస్త ఎక్కువ తెలిసింది. రెండో కంటికి చాలామంది అలాగే అంటారట. మొదటిసారి భయంలో తెలియనిది రెండోసారి తెలుస్తుంది. పనితనంలో తేడా ఏమీ లేదు.

ఫిబ్రవరి 12

పాలు పోసే ఆవిడకి ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ అయింది. బస్సులో తీసుకెళ్ళి, భోజనం పెట్టి, మర్నాడు దింపారు. "పంతులమ్మగారూ, మీకు మెషీనుతో చేశారంట, నాకు చేత్తోనే చేశారు. నాది తక్కువ రకమా?" అని అడిగింది.

కాదని నమ్మకంగా చెప్పాను. ఆమె శుక్లం బాగా ముదిరి తెల్లబడింది. అలాంటి గట్టి శుక్లాన్ని ఆరు మిల్లీమీటర్ల కోతతో, కుట్లు లేకుండా, చేత్తో తీసే పద్ధతిని మన దేశంలో డాక్టర్లు లక్షల కళ్ళ మీద చేసి రుజువు చేశారు. కోత పెద్దది కనుక సిలిండరు కొంచెం రావచ్చు, కోలుకోవడానికి కొద్ది రోజులు ఎక్కువ పట్టవచ్చు. నిపుణుల చేతుల్లో చూపు ఫలితం మెషీనుతో చేసే ఫేకో పద్ధతికి దీటుగానే వస్తుంది. వేసిన లెన్సు కూడా మన దేశంలో తయారైందే. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో అరవింద్ ఆసుపత్రి పెట్టారు. దిగుమతి లెన్సులు పేదలకి అందడం లేదని ఆ సంస్థే 1992లో అరోల్యాబ్ మొదలుపెట్టి చౌకగా లెన్సులు చేయించింది. మన హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ కూడా డబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకే తీరున వైద్యం చేస్తుంది. ఆ సంస్థకి స్థలం ఇచ్చింది సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం.

ఆవిడ ఇప్పుడు కొలపాత్ర అంచు దాకా పాలు తేటగా చూసి పోస్తోంది. వాకిట్లో మెట్టు తడుముకోవడం లేదు. ఆమె పనికి కావలసిన చూపు ఆమెకి వచ్చింది.

మార్చి 4

చుక్కలు ఆపేశారు. ఇవాళ చివరి అద్దాలు రాశారు. అనుకున్నదానికి పావు పాయింటు తేడాలో వచ్చింది. బయటికి పలచటి అద్దాలు, ప్రూఫులకి ఏమీ అక్కర్లేదు. లెన్సు కంపెనీ, పవరు, నంబరు ఉన్న కార్డు ఇచ్చారు. బ్యాంకు పుస్తకంతో పాటు దాన్ని భద్రం చేశాను. రేపు మరో డాక్టరు చూడాల్సి వస్తే ముందు అడిగేది అదే. కొన్ని నెలలకో ఏళ్ళకో లెన్సు వెనక ఉన్న సంచి మసకబారితే యాగ్ లేజరుతో నిమిషాల్లో సరిచేస్తారు. శుక్లం తిరిగి వచ్చిందని జనం అనుకునేది దీన్నే. తీసేసిన శుక్లం మళ్ళీ రాదు.

తమ్ముడు వచ్చే నెలలో చేయించుకుంటాడు. వాడికి ఈ పుట చించి ఇస్తాను.

ఒరేయ్ తమ్ముడూ, లోపలికి వెళ్ళగానే ఈ నాలుగూ అడుగు. నా రెటీనా, కార్నియా, ఒత్తిడి ఎలా ఉన్నాయి? నేను చేసే పనులకి ఏ దూరపు చూపు ముఖ్యం? మీరు చెప్పే లెన్సుతో నేను వదులుకోవాల్సింది ఏమిటి? ఆపరేషన్ తర్వాత ఏ పనికి అద్దాలు కావాలి? వీటికి డాక్టరే ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి, ధరల కాగితం చెప్పకూడదు. నువ్వు వాడే ప్రతి మాత్ర పేరూ చెప్పు. పొలం, మిల్లు, రాత్రి ప్రయాణం, ఫోనులో లెక్కలు, ఏదీ దాచకుండా నీ రోజంతా చెప్పు. ఖరీదు ఎక్కువైతే మంచిదనీ, తక్కువైతే తీసికట్టనీ అనుకోకు. ఒకసారి వేసిన లెన్సుతో బతికినన్నాళ్ళూ చూడాలి, కనుక నీ పనికి పనికొచ్చేదే వేయించుకో.